మూడు లక్షల టర్న్‌ల మోటర్: ఒక వైండింగ్ షాపు మార్క్‌డౌన్ నోట్సును సైటుగా పెట్టిన కేసు

ఒడిశాలో రాయగడ జిల్లా. ఊరి పేరు, షాపు పేరు ఇవ్వడం లేదు. కింద కనిపించే వైండింగ్ లెక్కల్లో అంకెలు కూడా మార్చాను. మార్క్‌డౌన్ (చిన్న చిన్న గుర్తులతో హెడ్డింగులు, జాబితాలు సూచించే మామూలు టెక్స్ట్) ఫైళ్లు చూసుకోవడానికి ఒక స్టాటిక్ సైట్ జనరేటర్, అంటే వాటిని వెబ్ పేజీలుగా మార్చే ప్రోగ్రాం, పెట్టడం పెద్ద పనేం కాదు, మామూలుగా ఒక పూటలో అయిపోతుంది. ఇక్కడ అవలేదు. ఎందుకు అవలేదన్నది ఇలాంటి పని చేసేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేపథ్యం

అది మోటర్ వైండింగ్ షాపు, కాలిన మోటర్లకు తీగ మళ్లీ చుట్టే చోటు. నాగావళి ఒడ్డు పొలాల పంపుసెట్లు, రైస్‌మిల్లు మోటర్లు, ఇళ్లలోని సబ్‌మెర్సిబుల్‌లు అన్నీ అక్కడికే వస్తాయి. వేసవిలో వోల్టేజి పడిపోతే మోటర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ వేడెక్కి కాలుతుంది. ఆ రోజుల్లో షాపు ముందు అడుగు పెట్టే చోటు ఉండదు.

కాలిన మోటర్ విప్పగానే లోపలి లెక్క రాసుకోవాలి. ఎన్ని స్లాట్లు (తీగ కూర్చునే గాడులు), తీగ ఏ గేజ్ (మందం), ఏ కాయిల్‌కి ఎన్ని టర్న్‌లు (చుట్లు), పిచ్ (కాయిల్ ఏ స్లాటు నుంచి ఏ స్లాటుకు పోతుందో) ఎంత. అదే కంపెనీ, అదే హెచ్‌పి మోటర్ మళ్లీ వస్తే విప్పి లెక్కపెట్టే శ్రమ తప్పుతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి మేస్త్రి చెబితేనే తెలిసింది. కొన్ని మోటర్లు ఇంకెక్కడో తప్పుగా చుట్టించుకుని, మళ్లీ కాలి ఈ షాపుకి వస్తాయి. వాటి లోపల ఉన్న లెక్కను నమ్మడానికి లేదు. అప్పుడు పాత రిజిస్టరే దిక్కు.

ఆ రిజిస్టరు నూనె, వార్నిష్ మరకలతో అట్టలా తయారైంది. మేస్త్రి మేనల్లుడు ఎలక్ట్రికల్ డిప్లొమా చదివినవాడు. పేజీలు పూర్తిగా చిరిగిపోకముందే కూర్చుని అన్నీ ఫోన్‌లో టైపు చేశాడు. వాడిన యాప్ డాట్ ఎండి ఫైళ్లుగా దాచేది కాబట్టి అవి మార్క్‌డౌన్ అయ్యాయి గాని, అతను మార్క్‌డౌన్ రాస్తున్నాననుకుని రాయలేదు. కేసు మొత్తానికి కీలకం ఇదే. ఒక్కో మోటర్‌కి ఒక్కో ఫైలు చొప్పున మూడు వందల పైచిలుకు ఉన్నాయి. తెలుగే ఎక్కువ, అక్కడక్కడ ఒడియా. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖ జిల్లా కింద ఉండేది. ఇప్పటికీ ఇక్కడి షాపుల్లో రెండు భాషలూ ఒకే కాగితం మీద కనిపిస్తాయి. బెంచి మీద పనిచేసే కుర్రాళ్లలో ఒకడికి ఒడియా తప్ప చదవడం రాదు. ఎవరికైనా అర్థమయ్యేవి అంకెలే.

వచ్చిన సమస్య

మేనల్లుడికి విశాఖలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. మేస్త్రి నన్ను పిలిచి, "అన్నీ కంప్యూటర్‌లో పెట్టేసి పోయాడు బాబూ. నాకు కనబడేలా సెయ్యి" అన్నాడు.

ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే ఏ యాప్‌తో తెరవాలని విండోస్ అడుగుతోంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కనిపిస్తుంది, కానీ కీబోర్డు మీద స్పానర్ పెట్టినా ఒక అంకె మారిపోతుంది. మూసేటప్పుడు సేవ్ చేయమంటారా అని అడిగితే ఎస్ నొక్కడం అందరికీ అలవాటు. కాబట్టి చూడ్డానికి తప్ప మార్చడానికి వీలు లేకుండా ఉండాలి. ఎడిటర్లూ నోట్సు యాప్‌లూ వద్దనుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు. జనరేటర్ అయితే ఫైళ్లు చదివి విడిగా హెచ్‌టీఎంఎల్ పేజీలు తయారుచేస్తుంది, మూలాన్ని ముట్టుకోదు.

ఏదీ మొదలుపెట్టకముందు కాసేపు బెంచి దగ్గర నిలబడి చూశాను. చేతులకు వార్నిష్. ఫోన్‌ను వైస్‌కి ఆనించి, మోచేత్తో స్క్రీన్ జరుపుతున్నారు. కంప్యూటర్ ఉన్నది ముందు గదిలో, పని జరిగేది వెనక షెడ్డులో. అంటే ఫోన్‌లో కనబడకపోతే ఎంత మంచి సైటైనా దండగే. ఇంటర్నెట్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఇంకో సంగతి మేస్త్రే గుర్తుచేశాడు: "అందులో ఎవరెంత బాకీ ఉన్నారో కూడా రాసుంటాడు. అది జనాలకి కనబడకూడదు." ఉచిత ఖాతాతో గిట్‌హబ్ పేజెస్ లాంటి చోట పెడితే లోకమంతా చూడొచ్చు. అందుకని నెట్‌లో పెట్టే ఆలోచన అక్కడితో వదిలేశాం. షాపులోనే ఉండాలి.

ఏ జనరేటర్

చూసిన మూడు జనరేటర్లలో డాక్సిఫై తేలిక. పేజీలు ముందుగా తయారుచేయక్కర్లేదు, బ్రౌజరే మార్క్‌డౌన్ చదివి చూపిస్తుంది. కానీ దానికి ఎప్పుడూ సర్వర్ కావాలి. ఫోల్డర్‌లోంచి నేరుగా తెరిస్తే పక్క ఫైళ్లు చదవడానికి బ్రౌజర్ ఒప్పుకోదు, ఖాళీ పేజీ వస్తుంది. సర్వర్ ఆగిపోయిన రోజు కూడా కనీసం ముందు గది కంప్యూటర్‌లో పేజీలు తెరుచుకోవాలన్నది నా పట్టు. అందుకని వద్దన్నాను.

హ్యూగో ఒకే ఒక్క ఫైలు, చాలా వేగం. అయితే ఈ నోట్సులో ఏ ఫైలుకీ పైన శీర్షిక, తేదీ లాంటి వివరాల బ్లాకు లేదు. అది లేకపోతే జాబితాలో పేర్లు లేని పేజీలు వస్తాయి. ఎంకేడాక్స్ అయితే మొదటి హెడ్డింగును, అదీ లేకపోతే ఫైలు పేరును శీర్షికగా తీసుకుంటుంది, ఫోల్డర్లను బట్టి మెనూ అదే కట్టుకుంటుంది. మూడు వందల ఫైళ్లను జనరేటర్‌కి తగ్గట్టు మార్చే కంటే ఉన్న ఫైళ్లకు సరిపడే జనరేటర్‌ని తీసుకోవడం మేలనిపించింది. ఎంకేడాక్స్, దాని మీద మెటీరియల్ అనే థీమ్ (పేజీల రూపం) పెట్టాను. బాకీలు విడిగా ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి, దాన్ని సైటులోకి రాకుండా సెట్టింగుల్లోనే మినహాయించాను. ప్రతి పేజీనీ విడి ఫోల్డర్‌లో పెట్టే డైరెక్టరీ యూఆర్ఎల్‌ల సెట్టింగు ఆపేశాను, లేకపోతే సర్వర్ లేకుండా తెరిచినప్పుడు లింకు నొక్కితే పేజీకి బదులు ఫోల్డర్ జాబితా వస్తుంది.

ఎక్కడ బెడిసింది

మొదటి బిల్డ్, అంటే జనరేటర్ తయారుచేసిన పేజీలు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. పెద్ద అక్షరాలు, పక్కన మెనూ, పైన వెతుకుడు పెట్టె. దాన్ని నేరుగా కుర్రాళ్లకి ఇవ్వకుండా ముందు మేస్త్రి చేతికిచ్చాను. ఆ అంకెలు చూడగానే తప్పొప్పులు తెలిసేది షాపులో ఆయనొక్కడికే. మెల్లగా వేలు జరుపుతూ ఒక చోట ఆగాడు.

"ఇదేటి బాబూ? ఈ మోటర్‌కి మూడు లక్షల ఎనభై నాలుగు వేల టర్న్‌లా?"

పేజీలో 384042 అని ఉంది. మూల ఫైలు తెరిస్తే అక్కడ 38*40*42. ఒకదాని లోపల ఒకటిగా ఉండే మూడు కాయిల్స్‌కి వరసగా టర్న్‌లు. మేనల్లుడు మధ్యలో చుక్క గుర్తు (*) పెట్టాడు, రిజిస్టరులోనూ అలాగే ఉంది. మార్క్‌డౌన్‌లో రెండు చుక్క గుర్తుల మధ్య ఉన్నది ఒరిగిన అక్షరాలవుతుంది, గుర్తులు మాయమవుతాయి. 40 కొంచెం వాలి ఉంది, చూసేవాడికి అదేం తెలుస్తుంది? ఇది ఎంకేడాక్స్ తెచ్చిన తంటా కాదు. మార్క్‌డౌన్‌కి కచ్చితమైన నియమాలు రాసిన కామన్‌మార్క్ స్పెసిఫికేషన్‌లోనే 5*6*78 అన్న ఉదాహరణ ఉంది, అక్కడా 6 ఒరుగుతుంది. ఏ జనరేటర్ పెట్టినా ఇదే జరిగేది.

మూడు లక్షలని ఉంటే ఎవరూ నమ్మరు కాబట్టి దాంతో పెద్ద ప్రమాదం లేదు. నన్ను కంగారు పెట్టింది అది కాదు. నమ్మేటట్టుగా మారిపోయినవి ఇంకేమున్నాయి? ఇక అందాల సంగతి పక్కనపెట్టి ఫైళ్లు చదవడం మొదలుపెట్టాను.

మొదట దొరికింది వరస సంఖ్య. కొన్ని ఫైళ్లలో రిజిస్టరు నంబరుతో వాక్యం మొదలైంది, 27 తర్వాత ఫుల్‌స్టాప్, ఆపైన కంపెనీ పేరు. అంకె, ఫుల్‌స్టాప్, ఖాళీ కనిపిస్తే మార్క్‌డౌన్‌కి అది జాబితా. ఎంకేడాక్స్ వెనక ఉండి ఫైళ్లను హెచ్‌టీఎంఎల్‌గా మార్చే పైథాన్ మార్క్‌డౌన్ మామూలు సెట్టింగులో ఏ జాబితానైనా 1 నుంచే మొదలుపెడుతుంది. దాంతో 27 కాస్తా 1 అయింది, 113 కూడా 1 అయింది. రిజిస్టరు పేజీతో సరిపోల్చుకునే దారే పోయింది. తర్వాత, ఒక్కో లైనులో ఒక్కో వివరం రాసినవన్నీ కలిసి ఒకే పేరా అయ్యాయి. "స్లాట్లు 24 గేజ్ 22 పిచ్ 1-8" అని ఊపిరి తీసుకోకుండా చదవాలి. నంబరు గుర్తుతో (#) మొదలైన లైన్లు పెద్ద హెడ్డింగులైపోయాయి. అది కంటికి ఇబ్బందే గాని పనికి నష్టం లేదు.

సవరణకు మొదట పట్టిన దారి ఫైళ్లను మార్చడం. కాపీ తీసి, చుక్క గుర్తులన్నిటినీ గుణకారం గుర్తుగా మార్చే చిన్న స్క్రిప్ట్ నడిపాను. టర్న్‌లు కుదుటపడ్డాయి గాని, చుక్క గుర్తుతో మొదలయ్యే మామూలు జాబితాలు చెడిపోయాయి. ఆ స్క్రిప్ట్‌ని ఇంకా తెలివిగా రాయొచ్చు. నేను రాయలేదు. మేనల్లుడు విశాఖ నుంచి అప్పుడప్పుడూ ఇంకా రాసి పంపుతున్నాడు, అతని చెయ్యి పాత అలవాటునే పోతుంది. వచ్చిన ప్రతి ఫైలునూ దిద్దుతూ కూర్చోవడం ఎవరివల్లా కాదు. పైగా రిజిస్టరులో ఏముందో ఫైల్లో అదే ఉండాలి, దిద్దిన ఫైలుకి ఆ సాక్ష్యం బలం ఉండదు. అన్నిటినీ ఉన్నదున్నట్టు చూపించే కోడ్ బ్లాకుల్లో పెడితే ఏదీ మారదు, నిజమే. కానీ ఫోన్‌లో పొడవైన లైన్లు పక్కకు జరుపుకుని చదవాలి. మోచేత్తో అది కుదరదు.

ఏది పనిచేసింది

మార్క్‌డౌన్‌లో ఈ షాపుకి అక్కర్లేని నియమాలను ఆపేయడం. పైథాన్ మార్క్‌డౌన్‌లో ఒక్కో నియమం పేరు పెట్టి నమోదై ఉంటుంది, ఆ పేరుతో దాన్ని జాబితాలోంచి తీసేయొచ్చు. పది పన్నెండు లైన్ల ఎక్స్‌టెన్షన్ (పైన తగిలించే చిన్న ప్రోగ్రాం) ఒకటి రాసి చుక్క గుర్తుల ఒరుగుడు, అంకెల జాబితా రెండూ తీసేశాను. లైను విరుపులను అలాగే ఉంచే ఎక్స్‌టెన్షన్ పైథాన్ మార్క్‌డౌన్‌తోపాటే వస్తుంది, దాన్ని కలిపాను. బోల్డ్, ఇటాలిక్ పోతాయి కదా అని ఎవరైనా అడగొచ్చు. ఆ మూడు వందల ఫైళ్లలో కావాలని బోల్డ్ పెట్టింది ఒక్కటీ కనబడలేదు.

అయినా టెన్షన్ తీరలేదు. కంటితో వెతికి పట్టుకున్నవి కంటికి ఆనినవే కదా. అందుకని సరిచూసే స్క్రిప్ట్ ఒకటి రాశాను. అది మూల ఫైల్లోని సంఖ్యలన్నీ వరసగా తీస్తుంది, తయారైన హెచ్‌టీఎంఎల్‌లో ట్యాగులు తీసేసి మిగిలిన పాఠంలోని సంఖ్యలు వరసగా తీస్తుంది, రెండు వరసలూ పక్కపక్కన పెడుతుంది. 38, 40, 42 ఉండాల్సిన చోట 384042 ఒక్కటే ఉంటే దొరికిపోతుంది. మెనూలోని అంకెలు కలవకుండా పేజీలో అసలు వ్యాసం ఉన్న భాగాన్నే చూసేలా పెట్టాను.

దాన్ని నడపగానే నేనూ మేస్త్రీ ఇద్దరం చూడనిది బయటపడింది. కొన్ని పేజీల్లో బేరింగ్ నంబరు అసలు లేనేలేదు. మేనల్లుడు బజారులో కొనాల్సిన సామాన్లను చదరపు బ్రాకెట్లలో పెట్టాడు: [బేరింగ్]: 6203 అని ఒక లైను, కింద [కెపాసిటర్]: 36 అని ఇంకో లైను. బ్రాకెట్టు, కోలన్, తర్వాత ఒకే మాట ఉంటే మార్క్‌డౌన్ దాన్ని లింకు చిరునామాగా తీసుకుని పేజీలో చూపించకుండా మింగేస్తుంది. తప్పు అంకె ఉంటే మేస్త్రి కన్ను పడుతుంది. లేని లైను మీద ఎవరి కన్ను పడుతుంది? కుర్రాడు పేజీ చూసి, బేరింగ్ గురించి రాయలేదనుకుని ఊరుకునేవాడు. ఆ నియమం కూడా ఎక్స్‌టెన్షన్‌లో ఆపేశాను. మళ్లీ నడిపితే రెండు వరసలూ కలిశాయి.

ఈ పరీక్షను బిల్డ్‌లో భాగం చేశాం. కొత్త ఫైళ్లు ఫోన్‌లోంచి సింక్‌థింగ్ అనే ఫైళ్లు పంచే ప్రోగ్రాం ద్వారా షాపు ల్యాప్‌టాప్‌కి వస్తాయి. రాత్రి సైటు విడి ఫోల్డర్‌లో తయారవుతుంది, అంకెలు కలిస్తేనే పాతదాని స్థానంలోకి వెళ్తుంది. కలవకపోతే పాత సైటే నడుస్తుంది, తేడా వచ్చిన ఫైలు పేరు ఒక టెక్స్ట్ ఫైల్లో పడుతుంది. ఒక రోజు పాత సైటు ఉన్నా నష్టం లేదు, ఒక్క తప్పు టర్న్ ఉంటే కిలోల లెక్కన కొన్న రాగి తీగ దండగ.

వెతుకులాట

పెట్టెలో "కెపాసిటర్" అని కొడితే ఏమీ రాలేదు. ఒడియాలో కొట్టినా అంతే. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు మాత్రం దొరుకుతున్నాయి. లోపల వాడే లనర్ అనే లైబ్రరీ ప్రతి మాటకూ ముందూ వెనకా ఉన్న కామాల్లాంటివి కత్తిరిస్తుంది. దాని లెక్కలో అక్షరమంటే ఇంగ్లీషు అక్షరమే, తెలుగు మాట మొత్తం కామాల కిందే జమ. తెలుగుకు విడిగా సెట్టింగు ఉంది. కానీ దానితో ఒడియా బాగుపడదు, ఇక్కడ రెండూ కావాలి. భాషను ఇంగ్లీషుగానే ఉంచి ఆ కత్తిరింపు దశను తీసేస్తే రెండు లిపులూ దొరికాయి. కత్తిరింపు పోయాక "కెపాసిటర్," అని కామాతో ఉన్నది వేరే మాటగా మిగిలిపోతుంది కాబట్టి, మాటలు విడగొట్టే గుర్తుల్లో కామా, ఫుల్‌స్టాప్, దండ (ఒడియాలో వాక్యం చివర పెట్టే నిలువు గీత), బ్రాకెట్లు, చుక్క గుర్తు చేర్చాను. చుక్క గుర్తు చేర్చడంతో 40 అని వెతికితే 38*40*42 ఉన్న పేజీ కూడా వస్తోంది. మేస్త్రికి అన్నిటికంటే నచ్చింది అదే. చేతిలో ఒక కాయిల్ మిగిలి, దానికి ఎన్ని టర్న్‌లో తెలిస్తే చాలు, అది ఏ మోటర్‌దో పట్టుకోవచ్చు.

తెలుగులో ఒక తిప్పలు మిగిలింది. మాట మొదటి భాగం కలిస్తే దొరుకుతుంది గాని, "పరికరం" అని కొడితే "పరికరాలు" రాదు. చివరి సున్నా లేకుండా "పరికర" అని కొట్టమని కుర్రాళ్లకి చెప్పాం. రెండో రోజుకి అలవాటైపోయింది.

ఫోన్లు, కరెంటు

ఫోల్డర్‌ని ఫోన్లలోకి కాపీ చేస్తే సరిపోతుందని మొదట అనుకున్నాం. ఆండ్రాయిడ్‌లో ఫైల్ మేనేజర్ నుంచి హెచ్‌టీఎంఎల్ తెరిస్తే బ్రౌజర్‌కి ఆ ఒక్క ఫైలే అందుతుంది. రంగులు, లింకులు, వెతుకుడు ఏవీ రావు. కాబట్టి ల్యాప్‌టాప్‌లో చిన్న సర్వర్ నడిపి షాపు వైఫైలో చూడక తప్పలేదు. ల్యాప్‌టాప్‌కి ఎప్పుడూ ఒకే చిరునామా ఇచ్చేలా రౌటర్లో పెట్టి, ఆ చిరునామాను క్యూఆర్ కోడ్‌గా అచ్చువేసి వైండింగ్ మెషీన్ పైన గోడకు అంటించాం. రౌటర్, ల్యాప్‌టాప్ రెండూ షాపు లైట్ల ఇన్వర్టర్ మీదే ఉన్నాయి. అదే వైఫై అప్పుడప్పుడూ ఖాతాదారులూ వాడుకుంటారు. బాకీల ఫోల్డర్‌ని మొదట్లోనే మినహాయించింది అందుకే. సర్వర్ ఇచ్చేది కూడా తయారైన పేజీల ఫోల్డర్‌ని మాత్రమే, మూల ఫైళ్లున్న ఫోల్డర్‌ని కాదు. ఈ రెండో సంగతి చాలామంది మరిచిపోతారు.

తర్వాతి పనులకు తీసుకున్నవి

ఎవరైనా నోట్సు సైటుగా పెట్టమంటే ఇప్పుడు ముందు థీమ్‌లు చూపించను. ఓ ఇరవై ఫైళ్లు అడిగి తీసుకుని, వాటిని రాసినవాళ్లు మార్క్‌డౌన్ తెలిసి రాశారా లేదా అని చూస్తాను. తెలిసి రాసినవైతే ఏ జనరేటరైనా ఒకటే. తెలియక రాసినవైతే చుక్క గుర్తులు, బ్రాకెట్లు, లైను మొదట్లో అంకెలు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే లెక్క తీస్తాను. ఈ మధ్య ఒక మందుల హోల్‌సేల్ షాపు స్టాకు నోట్సు చూశాను. అందులో బ్యాచ్ నంబర్లు బ్రాకెట్లలోనే ఉన్నాయి. అక్కడ మొదటి రోజే ఈ సరిచూసే స్క్రిప్ట్ పెట్టాను.

బిల్డ్ చూసి బాగుందా లేదా చెప్పాల్సింది కంప్యూటర్ తెలిసినవాళ్లు కాదు, ఆ పని తెలిసినవాళ్లు. వాళ్లకి మొదటి పేజీ కాదు, వివరాలు బాగా కిక్కిరిసిన పేజీ ఇవ్వాలి.

ఈ కేసులో మిగిలిపోయిందల్లా ఫొటోలు. టైపు చేయడం విసుగొచ్చిన చోట మేనల్లుడు రిజిస్టరు పేజీని ఫొటో తీసి ఫైల్లో అంటించాడు. వాటిలోని అంకెలు వెతుకులాటకూ దొరకవు, సరిచూసే స్క్రిప్ట్‌కీ కనబడవు. అలాంటి పేజీల జాబితా తీసి అతనికి పంపాం. పండగ సెలవులకు వచ్చినప్పుడు కొన్ని టైపు చేసి వెళ్తున్నాడు. మేస్త్రి చదివి చెబుతుంటే ఒడియా కుర్రాడు కూడా కొన్ని టైపు చేస్తున్నాడు, మాటలు ఒడియాలో, చుక్క గుర్తులు మాత్రం రిజిస్టరులో ఉన్నట్టే.